గిటారుకి కుండ ఎక్కడుంది?

ఐటీ ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్ళలో ఎలక్ట్రిక్ గిటారు కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరు వాయిస్తారు కూడా :) అపార్ట్‌మెంటులో అసలు సిసలు ట్యూబు యాంప్ పెట్టి వాయిస్తే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మన పేరు మోగిపోతుంది కనక, అందరం చివరికి చేరేది డిజిటల్ మోడలర్ దగ్గరికే. 1998లో వచ్చిన లైన్ 6 పాడ్ దగ్గర్నుంచి, యాక్స్-ఎఫెక్స్, కెంపర్, హీలిక్స్, క్వాడ్ కార్టెక్స్, ఆ మధ్య వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ న్యూరల్ యాంప్ మోడలర్ దాకా అన్నీ ఆ కోవలోవే.

ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓ పవర్ కార్డు కొడతాం. యూట్యూబులో విన్న సౌండు రాదు. అప్పుడు మొదలవుతుంది అసలు జబ్బు. మార్షల్ తీసి మీసా, మీసా తీసి ఫెండర్. గెయిన్ పెంచడం, ట్రెబుల్ తగ్గించడం, ముందో ఓవర్‌డ్రైవ్, వెనకో ఈక్యూ. నెల తిరిగేసరికి "ఈ పెట్టె పనికిరాదు, ఇంకో లక్ష పోస్తే గానీ సౌండు రాదు" అనే నిర్ణయానికి వచ్చేస్తాం.

నా మటుకు నేను చెప్పేది ఒక్కటే. సౌండు నచ్చకపోతే యాంప్ ముట్టుకోకండి, పెడళ్ళు ముట్టుకోకండి. గొలుసులో చివర కూర్చుని ఉంటుంది చూశారూ, క్యాబినెట్ సిమ్యులేషన్, ముందు దాన్ని మార్చండి. అదీ వందల ఫైళ్ళు దించుకుని కాదు. ఓ ఐదు తీసుకుని, పేర్లు చూడకుండా, చెవితో ఒకటి ఎంచుకుని, ఏడాది పాటు దాన్ని వదలకండి.

క్యాబినెట్ అంత ముఖ్యమా అంటారా? దీనికోసం లండన్ స్టూడియోల దాకా పోనక్కర్లేదు. మా విజయనగరం జిల్లాలో బొబ్బిలి పక్కన గొల్లపల్లి అని ఊరుంది. బొబ్బిలి వీణలు తయారయ్యేది అక్కడే. సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని. ఒకే పనస దుంగ తీసుకుని, అతుకు లేకుండా, కుండా దండీ అందులోంచే తొలుస్తారు. ఇప్పుడు దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ వీణ తీగ మీటినప్పుడు మన చెవిన పడేదాంట్లో తీగది సొంతంగా ఏమంత లేదు. అంత సన్నటి తీగ గాలిని కదిలించలేదు. తీగ ఊపుని బ్రిడ్జి కుండ పైపలకకి అందిస్తే, పలకా, కుండా, లోపలి గాలీ కలిసి ఊగితే అప్పుడు మనకి వినపడుతుంది. ఆ ఊగడంలో కుండ కొన్ని స్వరాంశాల్ని పెంచుతుంది, కొన్నిటిని మింగేస్తుంది. మనం వీణ నాదం అనేది ఆ పెంచడం, మింగడాన్నే.

ఎలక్ట్రిక్ గిటారుకి ఆ కుండ లేదు. అదో చెక్క పలక. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014) కర్ణాటక సంగీతం వాయించిన ఎలక్ట్రిక్ మాండలినూ ఆ జాతిదే. వీటి కుండ వాయించేవాడి ఒళ్ళో ఉండదు. కేబులుకి అటు చివర, స్పీకరు పెట్టెలో ఉంటుంది. గిటారు స్పీకరంటే మన హోమ్ థియేటర్ స్పీకరులాంటిది కాదు. 12 అంగుళాల కాగితపు కోను, ట్వీటర్ లేదు. 5 వేల హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. 2 నుంచి 4 వేల మధ్య ఓ గుట్టలా లేస్తుంది. హై-ఫై లెక్కన చూస్తే దరిద్రపు స్పీకరు. కానీ యాంప్‌లో డిస్టార్షన్ పుట్టినప్పుడు 10 వేల హెర్ట్జ్ పైదాకా వచ్చే బుసబుస మొత్తాన్ని మింగేసేది ఆ చేతకానితనమే. అది మింగకపోతే ఎంత గొప్ప మార్షల్ మోడలైనా రేకు మీద మేకుతో గీకినట్టుంటుంది.

ఇది నేను సిద్ధాంతంగా చెప్పట్లేదు. మా బావమరిది విజయనగరంలో ఓ ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. పైడితల్లి పండగ, రాజాం, చీపురుపల్లి, ఆమదాలవలస వైపు పెళ్ళిళ్ళు, గణపతి పందిళ్ళు. వాడి దగ్గరో సెకండ్‌హ్యాండ్ మల్టీ-ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఉంది. దాన్ని తిన్నగా మిక్సరులోకి గుచ్చుతాడు. ఫోనులో రికార్డు చేసి పంపించి, "ఏటి బావా ఇది, రేకుడబ్బాలో కందిరీగ దూరినట్టుంది" అన్నాడు. స్టేజీ మీద కీబోర్డువాళ్ళు నవ్వుతున్నారట. లక్షకి పైన పెట్టి కొత్త మోడలర్ కొనడానికి చీటీ పాడదామని చూస్తున్నాడు. ఆర్కెస్ట్రా గిటారిస్టుకి లక్ష అంటే ఏమిటో నెలజీతాలవాళ్ళం మనకి అంత తొందరగా ఎక్కదు. ఒక సీజను మొత్తం రాత్రుళ్ళు నిద్ర మానేసి వాయిస్తే వచ్చేదాంట్లో పెద్ద ముక్క అది.

ఫోనులోనే సెట్టింగులన్నీ చదివించాను. ఔట్‌పుట్ మోడ్ "గిటార్ యాంప్" అని ఉంది. అంటే యంత్రం ఏమనుకుంటోందంటే, అవతల నిజమైన గిటారు స్పీకరుంది, కాబట్టి క్యాబ్ సిమ్ అక్కర్లేదు అని. కానీ అవతలున్నది పందిరి స్పీకర్లు. వాటికి హార్న్ ఉంది, 15 వేల హెర్ట్జ్ దాకా నిక్షేపంగా పలుకుతాయి. బుసబుస మొత్తం ఊరంతా వినపడింది. మోడ్ మార్చి, క్యాబ్ ఆన్ చేసి, అందులో ఉన్న ఓ 2×12 ఎంచుకున్నాడు. ఖర్చు సున్నా. చీటీ డబ్బులు ప్రస్తుతానికి మా చెల్లెలి దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇందులో తిరకాసు రెండో వైపు కూడా ఉంటుంది. మోడలర్‌ని నిజమైన గిటారు యాంప్‌లోకి పెట్టినప్పుడు క్యాబ్ సిమ్ ఆన్‌లో ఉంటే పెట్టె మీద పెట్టె పడి, దుప్పటి కప్పినట్టుంటుంది. న్యూరల్ యాంప్ మోడలర్ వాడేవాళ్ళకి ఇదే బగ్గు ఇంకో వేషంలో వస్తుంది. జనం పంచుకునే క్యాప్చర్లలో కొన్ని యాంప్ వరకే తీసినవి, కొన్ని స్పీకరూ మైకూ కలిపి తీసినవి. రెండో రకం మీద మళ్ళీ క్యాబ్ తగిలిస్తే అదే దుప్పటి. ఫైలు పక్కన రాసింది చదవండి. మన కోడు పక్కన మనం రాసే కామెంట్ల కన్నా నయంగానే రాస్తారు.

ఇక అసలు ఆ ఫైలు ఏమిటి? ఇంపల్స్ రెస్పాన్స్, పొట్టిగా ఐఆర్. ఇంజినీరింగులో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపరు గట్టెక్కినవాళ్ళందరికీ కన్వల్యూషన్ గుర్తుండే ఉంటుంది, కనీసం పీడకలగా. స్పీకరులోకి కింది నుంచి పైదాకా పోయే ఓ స్వీప్ పంపి, మైకులో వచ్చినదాన్ని రికార్డు చేసి, వెనక్కి లెక్కకడితే ఓ చిన్న వేవ్ ఫైలు వస్తుంది. గిటారు సిగ్నల్‌ని దాంతో కన్వాల్వ్ చేస్తే ఆ పెట్టె, ఆ మైకు, ఆ గది కొంచెం, అన్నీ వచ్చేస్తాయి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2,048 శాంపిళ్ళ ఐఆర్ అంటే దాదాపు 43 మిల్లీసెకన్లు. తిన్నగా లెక్కేస్తే సెకనుకి 9 కోట్ల 83 లక్షల గుణకారాలు. ఎఫ్ఎఫ్‌టీతో ఇంకా చవగ్గా పోతుంది. కొన్ని యంత్రాలు 1,024 దగ్గర కత్తిరించేస్తాయి. కొంప మునగదు. తేడా వస్తే కిందిస్థాయిలోనే వస్తుంది. 21 మిల్లీసెకన్ల ఫైలుకి 47 హెర్ట్జ్ కన్నా సన్నంగా చూసే కన్ను లేదు. గిటారులో అన్నిటికన్నా కింది తీగ 82 హెర్ట్జ్ కాబట్టి బేసులో కాస్త మొద్దుతనం కనిపిస్తుంది, అంతే.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. 44.1 కిలోహెర్ట్జ్ ఐఆర్‌ని 48 దగ్గర మార్పిడి లేకుండా వాయిస్తే అన్నీ 8.8 శాతం పైకి జరుగుతాయి. 2,500 హెర్ట్జ్ దగ్గరున్న గుట్ట 2,720 దగ్గర లేస్తుంది. పెట్టె కుంచించుకుపోయినట్టుంటుంది. మంచి లోడర్లు వాటంతట అవే మారుస్తాయి. సొంతంగా ప్లగిన్ రాసుకునే వీరులు మాత్రం చూసుకోండి.

ఇప్పుడు ఎంచుకోవడం. జనం క్యాబ్ పేరు చూసి ఎంచుకుంటారు, అది నాకు అస్సలు మింగుడు పడదు. పేర్లకి కొంత అర్థం ఉంది, కాదనను. సెలెస్టియన్ వింటేజ్ 30 పైమధ్యమంలో కరుకుగా తోసుకొస్తుంది. గ్రీన్‌బ్యాక్ మెత్తన. జీ12టీ-75లో మధ్యభాగం గుంటపడి ఉంటుంది. వెనక తెరిచిన 1×12 గాలి పీల్చుకున్నట్టుంటుంది, మూసిన 4×12 గుండె మీద తంతుంది. ఈ మాత్రం తెలిస్తే చాలు. ఎందుకంటే మైకు ఎక్కడ పెట్టారన్నది వీటన్నిటినీ తలకిందులు చేసేస్తుంది. ఒకే స్పీకరు ముందు ఎస్ఎం57 మైకుని సరిగ్గా మధ్య టోపీ ఎదురుగా పెడితే చెవులు కోస్తుంది. ఓ అంగుళం పక్కకి జరిపితే నునుపు తేలుతుంది. ఆ అంగుళం తేడా చాలాసార్లు రెండు కంపెనీల స్పీకర్ల మధ్య తేడా కన్నా ఎక్కువ. కాబట్టి ఫలానా పెద్ద గిటారిస్టు వాడిన క్యాబ్ అని ఉన్న ఫైలు కొంటే మీకు దొరికేది ఆయన క్యాబ్ కాదు, ఆ రోజు మైకు పెట్టిన ఇంజినీరు అభిరుచి.

రెండు ఐఆర్‌లు కలపడమనే సరదా ఒకటుంది. నేనైతే మొదట్లో వద్దంటాను. రెండు మైకుల దూరంలో 3.4 సెంటీమీటర్ల తేడా ఉంటే శబ్దం 0.1 మిల్లీసెకను ఆలస్యంగా వస్తుంది. సమానంగా కలిపితే 5 వేల హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. మీరు ఈక్యూతో ఆ గుంట పూడ్చాలని చూస్తారు, పూడదు. ఆఫీసులో ఇద్దరు ఆర్కిటెక్టుల్ని ఒకే మీటింగులో కూర్చోబెట్టినట్టు.

నేను చేసే పద్ధతి ఇది. ఐదు ఫైళ్ళు తీసుకోండి, స్వభావం దూరంగా ఉన్నవి. ఓ చిన్న స్క్రిప్టు రాసి పేర్లు తీసేసి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు పెట్టండి. ఏది ఏదో వేరే ఫైలులో దాచండి. గిటారు ఒకసారి యాంప్ ముందు రికార్డు చేసి, అదే ముక్కని ఐదింటిలోంచీ తిప్పండి. ప్రతిసారీ కొత్తగా వాయిస్తే మన వేళ్ళు తెలీకుండానే సౌండుకి తగ్గట్టు సర్దుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఐదింటి బిగ్గరతనాన్ని సమానం చెయ్యడం. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగేది బాగుందనే అనిపిస్తుంది మనిషి చెవికి. చాలా ఐఆర్ ప్యాకుల గొప్పతనం ఇంతేనని నాకు గట్టి అనుమానం.

ఇంకా, వాయించబోయే బిగ్గరతనంలో వినాలి. తక్కువ వాల్యూములో మన చెవికి బేసు, బాగా పై స్థాయీ సరిగా వినపడవని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. రాత్రి పిల్లలు పడుకున్నాక గుసగుసలా పెట్టుకుని ఎంచుకున్న క్యాబ్‌లో ఆ రెండూ ఎక్కువే ఉంటాయి. అదే పందిట్లోకి తీసుకెళ్తే కింద బుంయ్, పైన కీచు, మధ్యలో గిటారు లేదు. ఒంటరిగా కూడా వినకండి. వెనక డ్రమ్స్, బేస్ ఉన్న ట్రాకు పెట్టుకోండి. ఒంటరిగా విన్నప్పుడు ముక్కుతో మాట్లాడినట్టున్నదే చాలాసార్లు పాటలో సరిగ్గా వినపడుతుంది. తర్వాత 80 హెర్ట్జ్ కింద కోసేసి, 7 వేల పైన మెల్లగా దించండి. ఆపైన ఈక్యూ జోలికి పోవాల్సి వస్తోందంటే మీరు ఎంచుకున్న క్యాబ్ మీకు సరిపడలేదని లెక్క.

మనవాళ్ళకి పనికొచ్చే పరీక్ష ఇంకోటి. ఇంగ్లీషు వీడియోల్లో పరీక్షలన్నీ పవర్ కార్డులతో, మెటల్ రిఫ్‌లతో చేస్తారు. మనం వాయించేవి పాటలు, అందులో జారులు, గమకాలు. ఒక్క తీగ మీద, క్లీన్ సౌండుతో, కింది స్వరం నుంచి పై స్వరానికి మెల్లగా, చాలా మెల్లగా జారండి. కొన్ని క్యాబ్‌లలో నాదం నీళ్ళలా సాగిపోతుంది. కొన్నిట్లో దారిలో ఓ చోట ఉబ్బి, ఇంకో చోట మునుగుతుంది. ఆ ఐఆర్‌లో ఇరుకైన శిఖరాలు, గుంటలు ఉన్నాయన్నమాట. నిలకడ స్వరంలో అవి తెలియవు. స్వరం వాటి మీంచి నడిచినప్పుడే బయటపడతాయి. రిఫ్ వాయించేవాడికి అది రంగు. నీలాంబరి ఎత్తుకున్నవాడికి గతుకు. బావమరిదికి చివరికి కుదిరింది ఈ పరీక్షతోనే. వాడు మొదట పెట్టుకున్న 2×12 కార్డులకి బాగుంది గానీ పాత పాటల బిట్లు వాయిస్తుంటే మధ్యలో ఓ స్వరం అరుస్తోంది. దాని బదులు గ్రీన్‌బ్యాక్ పెట్టుకున్నాడు. "ఇప్పుడు పాడతాంది బావా" అన్నాడు.

దీనికి అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. ఐఆర్ అనేది ఒక్క క్షణపు ఫోటో. నిజమైన స్పీకరు గట్టిగా వాయిస్తే కోను నలిగి తనూ కొంచెం డిస్టార్ట్ అవుతుంది, ఐఆర్‌లో అది రాదు. చిన్నగా వాయించినా గట్టిగా వాయించినా అదే గుణకారం. నిజమే. ట్యూబు యాంప్ వెనక నిలబడితే ప్యాంటు ఊగే అనుభవం దీంట్లో లేదు, రాదు. అయితే మనం రికార్డుల్లో విని మనసు పారేసుకున్న గిటార్లన్నీ స్పీకరు ముందు పెట్టిన మైకులోంచి వచ్చినవే కదా. ఆ మైకు విన్నదాన్ని ఐఆర్ దాదాపుగా ఇస్తుంది. దానికి మించి కావాలంటే నిజమైన పెట్టె కొనుక్కోవాలి, ఊరి చివర ఇల్లు కూడా.

మళ్ళీ బొబ్బిలికి వస్తాను, ఎందుకంటే నన్ను నిజంగా గీకుతున్న సంగతి అక్కడుంది. కల్యాణమండపాల్లో వీణ కచేరీ విన్నారా? వీణకి కాంటాక్ట్ మైకు అంటించి తిన్నగా మిక్సరులోకి ఇస్తారు. ఎదురుగా మైకు పెడితే ఫీడ్‌బ్యాక్ కూత, పెళ్ళివారి మాటలు. కాబట్టి వాళ్ళ తప్పు లేదు. కానీ కాంటాక్ట్ మైకు పలక మీద ఒక చోట ఊపుని మాత్రమే పట్టుకుంటుంది. కుండ మొత్తం గాలిలోకి వదిలే నాదం దానికి తెలీదు. ఒకే దుంగలోంచి రోజుల తరబడి తొలిచిన కుండ అక్కడ సోఫా మీద బొమ్మలా కూర్చుంటుంది, స్పీకర్లలోంచి మాత్రం టింగు టింగు. బావమరిది ప్రాసెసర్‌లో క్యాబ్ ఆఫ్ అయి ఉన్న స్థితి ఇదే, సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే వాడి దగ్గర ఆన్ చెయ్యడానికి ఓ మీట ఉంది.

ఆ మీట మనం చెయ్యొచ్చు. అకూస్టిక్ గిటారు వాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నారు. పీజో పికప్ సిగ్నల్‌కి గిటారు ఒంటి ఐఆర్ తగిలించి వాయిస్తారు. పనిముట్టు అదే, మీ మోడలర్‌లో ఉన్న ఐఆర్ లోడరే. ఒక గొల్లపల్లి వీణ, ఓ కాంటాక్ట్ మైకు, ఎదురుగా అర మీటరు దూరంలో ఓ మంచి కండెన్సర్ మైకు, ఫ్యాను ఆపేసిన గది. రెండూ ఒకేసారి రెండు ట్రాకుల్లోకి. మంద్రం నుంచి తారస్థాయి దాకా అన్ని మెట్లూ వాయించాలి, జారులతో సహా, ఓ రెండు మూడు నిమిషాలు. రెండో ట్రాకుని మొదటిదాంతో ఫ్రీక్వెన్సీల వారీగా భాగించి సగటు తీస్తే ఆ కుండ ఐఆర్ వచ్చేస్తుంది. నమ్‌పై తెలిసినవాడికి ముప్ఫై లైన్ల కోడు. భాగించేటప్పుడు హారం సున్నాకి దగ్గరగా వచ్చే చోట్ల కాస్త చూసుకోవాలి, అంతే.

ఇది ఒక్క వీణకి సరిపోతుంది గానీ అన్నిటికీ కాదు. కుండ కుండకీ తేడా, మైకు అంటించిన చోటుకీ తేడా. అందుకే ఎన్ని ఉంటే అంత మంచిది. కోడు నేను రాస్తాను, ఫలితాలు ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెడదాం. మీ ఇంట్లోనో, మీ అత్తారింట్లోనో బొబ్బిలి వీణ, వాయించే మనిషి ఇద్దరూ ఉంటే వ్యాఖ్యలో చెప్పండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, రెండు ట్రాకులు విడివిడిగా, రివర్బ్ ఏమీ కలపకుండా. తీగలు కొత్తవి మార్చి రెండు రోజులైనా ఆగాక రికార్డు చెయ్యండి, లేకపోతే శ్రుతి నిలబడదు.